మెదీనెట్ హబు: భయం చూడాలంటే బయటి గోడల దగ్గరకి వెళ్ళండి

ఈజిప్టులోని లక్సర్‌లో నైలు పడమటి గట్టున మూడో రామ్సెస్ రాజు కట్టించిన గుడి ఇది, క్రీ.పూ. 12వ శతాబ్దం నాటిది. వచ్చినవాళ్ళు చాలామంది రంగులు మిగిలిన స్తంభాలు చూసుకుని వెళ్ళిపోతారు. ప్రాచీన ఈజిప్టు శిల్పి భయాన్ని ఎలా చెక్కాడో తెలియాలంటే మాత్రం గుడి చుట్టూ బయటి నుంచి తిరగాల్సిందే.

ఉత్తరపు గోడ మీద సముద్ర జాతులతో (అంటే సముద్రం మీంచి దాడికొచ్చిన తెగలతో) జరిగిన ఓడల యుద్ధం ఉంది, రాజు పాలనలో 8వ ఏటిది. ఈజిప్టు ఓడలు నాలుగు, శత్రువులవి ఐదు. ముఖాల్లో భయం వెతికితే దొరకదు, కళ్ళూ పెదవులూ అందరివీ దాదాపు ఒకటే. చేతులూ నడుములూ చూడండి. ఈజిప్టు సైనికులు వరస తప్పకుండా నిలబడితే, శత్రువులు ఓడ అంచు మీంచి తలకిందులుగా వేలాడుతున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్ళలో పడుతున్నారు. వాళ్ళ ఓడ ఒకటి ఏకంగా బోల్తా కొట్టింది. మనుషుల కాళ్ళ కింద గీత గీసి నిలబెట్టడం ఈజిప్టు శిల్పంలో మామూలు పద్ధతి. శత్రువులకి శిల్పి ఆ గీత తీసేశాడు. అంత చిన్న పనితో ఇంత కంగారు పుట్టించాడు!

జంతువుల దగ్గర శిల్పి చెయ్యి ఇంకా స్వేచ్ఛగా ఆడింది. మొదటి పైలాన్ (గుడి ముందరి పెద్ద ద్వారగోపురం) దక్షిణ భాగం వెనకవైపు అడవి ఎద్దుల వేట చూడండి. ఒకటి గుర్రాల కింద వెల్లకిలా పడింది. ఇంకొకటి మెడ సాచి, నాలుక బయటపెట్టి, రెల్లు పొదల్లోంచి నీళ్ళవైపు దూసుకుపోతోంది. నా దృష్టిలో గుడి మొత్తానికి గొప్ప బొమ్మ ఇదే. దానికి పైన జింకలు, అడవి గాడిదల పరుగు ఉంది. బాగానే ఉంది గానీ, ఎద్దు ముందు తేలిపోతుంది.

ఇదంతా గోడలోకి లోతుగా తొలిచిన చెక్కడం. ఎండ ఏటవాలుగా పడి అంచుల్లో నీడ నిలిస్తేనే బొమ్మ లేస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఓడల యుద్ధం గజిబిజి గీతల్లా కనిపిస్తుంది. ఉత్తరపు గోడకి పొద్దున్నే వెళ్ళండి, ఎద్దుల వేటకి సాయంత్రం ఎండ మేలు. పై వరసలకి బైనాక్యులర్ కావాలి. 1924లో ఇక్కడ పని మొదలుపెట్టిన షికాగో విశ్వవిద్యాలయం బృందం గీసిన రేఖాచిత్రాలు వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితం. ముందే ఫోన్లోకి దింపుకుంటే, అరిగిపోయిన చోట ఏ చెయ్యి ఎవరిదో తేలుతుంది.

టికెట్ మెమ్నాన్ విగ్రహాలు (దారిలో కనిపించే రెండు భారీ రాతి విగ్రహాలు) దాటాక వచ్చే ఆఫీసులో ముందే తీసుకోండి. గైడ్‌ని పెట్టుకుంటే "బయటి గోడలు చూపించాలి" అని బేరం దగ్గరే చెప్పండి. నీడ ఉండదు, టోపీ, నీళ్ళు తప్పనిసరి.