సమష్టి నాయకత్వమా, ఏకనాయకత్వమా: చైనాకు ఏది మేలు?

చైనాను పాలించేది కమ్యూనిస్టు పార్టీయే అన్న విషయంలో 1949 నుంచి నేటివరకు మార్పు లేదు. ఏటా మార్చిలో బీజింగ్‌లో కొలువుదీరే జాతీయ ప్రజా కాంగ్రెస్‌లో దాదాపు మూడు వేల మంది ప్రతినిధులున్నా, ముఖ్య నిర్ణయాలు అంతకు ముందే పార్టీ అగ్రనేతల చిన్న బృందమైన పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘంలో ఖరారైపోతాయి. మారుతూ వచ్చిందల్లా ఆ సంఘంలో ఎవరి మాట ఎంత చెల్లుతుందన్నదే. జియాంగ్ జెమిన్, హు జింటావో కాలాల్లో అది సమష్టి పద్ధతిగా స్థిరపడింది. 2012లో పగ్గాలు చేపట్టిన షీ జిన్‌పింగ్ దాన్ని ఏకనాయకత్వం వైపు మళ్లించారు. ఎన్నికల ప్రజాస్వామ్యంతో పోలిక వేరే చర్చ కనుక, ఈ రెండు పద్ధతులనే పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి పద్ధతి మావో పాలన నేర్పిన పాఠంలోంచి పుట్టింది. 1976లో కన్నుమూసే వరకు పదవిలోనే ఉన్న ఆయన మాటకు అడ్డుచెప్పగలవారు లేకపోవడం వల్ల దేశం ఎంత నష్టపోయిందో చూసిన తర్వాతి అగ్రనేత డెంగ్ జియావోపింగ్, అధికారమంతా ఒక్కచోట పోగుపడటాన్నీ పదవుల్లో జీవితాంతం కొనసాగడాన్నీ 1980 ఆగస్టు ప్రసంగంలో సూటిగా తప్పుపట్టారు. 1982 రాజ్యాంగం దేశాధ్యక్షుడు వరుసగా రెండు పర్యాయాలకు మించి ఉండరాదని నిర్దేశించింది. ఐదేళ్లకోసారి జరిగే పార్టీ మహాసభ నాటికి 67 ఏళ్లుంటే కొనసాగవచ్చు, 68 నిండితే తప్పుకోవాలి అన్న ఆనవాయితీ ఆ తర్వాత ఏర్పడింది.

అయితే ఈ పద్ధతి లోపాలు చిన్నవి కావు. హు జింటావో హయాంలో స్థాయీ సంఘంలోని తొమ్మిది మందికీ తలా ఒక విభాగం ఉండటంతో ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు సాగింది. పోలీసు, న్యాయ వ్యవస్థలను చేతిలో పెట్టుకున్న జౌ యోంగ్‌కాంగ్ పదవిలో ఉన్నంతకాలం ఆయన జోలికి ఎవరూ వెళ్లలేదు. అవినీతి నేరానికి యావజ్జీవ శిక్ష పడింది 2015లో, అంటే షీ వచ్చాకే. సైన్యంలో అత్యున్నత స్థాయికి చేరిన గువో బోషియోంగ్ పదోన్నతులకు లంచాలు తీసుకున్నట్లు ఆ తర్వాతి ఏడాది తేలింది. పదిమంది చేతిలో పాము చావదన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

షీ పగ్గాలు చేపట్టిన 2012లోనే స్థాయీ సంఘం ఏడుగురికి తగ్గింది. ఆయన పార్టీ కమిషన్లకు తానే అధ్యక్షత వహించి, ప్రధాని చేతిలో ఉండే ఆర్థిక వ్యవహారాలను కూడా చాలావరకు తనవైపు తిప్పుకున్నారు. పనులు వేగం అందుకున్నాయి. 2013లో కాలుష్య నివారణ ప్రణాళిక ప్రకటించాక బీజింగ్ గాలి కొన్నేళ్లలోనే గణనీయంగా మెరుగుపడింది. ఆదేశం అమలు చేయించడమే గీటురాయి అయితే ఏకనాయకత్వానిదే పైచేయి.

కానీ ఆదేశమే తప్పైనప్పుడు ఏం జరుగుతుందన్నది అసలు పరీక్ష. 2003లో సార్స్ వ్యాధిని మొదట దాచిపెట్టింది సమష్టి నాయకత్వంలోని ప్రభుత్వమే, అందులో సందేహం లేదు. ఒక సైనిక వైద్యుడు నిజం బయటపెట్టాక మాత్రం, ఏప్రిల్‌లో ఆరోగ్య మంత్రినీ బీజింగ్ మేయర్‌నూ పదవుల నుంచి తప్పించి, కేసుల లెక్కలను సవరించి ప్రకటించారు. అదే 2022లో కోవిడ్‌ను అరికట్టేందుకు రెండున్నర కోట్ల జనాభా ఉన్న షాంఘైని దాదాపు రెండు నెలలు దిగ్బంధించి, ఇళ్లలో ఉన్నవారికి కూరగాయలైనా సక్రమంగా అందించలేకపోయినా, ఒక్క కేసూ ఉండకూడదన్న ‘జీరో కోవిడ్’ విధానం షీ పేరుతో ముడిపడి ఉన్నందున దాన్ని ప్రశ్నించిన అధికారి లేడు. ఆ నగర పార్టీ కార్యదర్శి లి చియాంగ్ మరుసటి ఏడాది ప్రధాని అయ్యారు. చివరికి నవంబరులో జనం వీధుల్లోకి వచ్చిన తర్వాత, డిసెంబరు 7న ఆంక్షలను ఒక్కసారిగా సడలించారు. వృద్ధుల్లో ఎందరికో టీకా మోతాదులు పూర్తికాలేదు.

ఈ కారణం చేతనే నా మొగ్గు సమష్టి పద్ధతి వైపు. అలాగని దాన్ని పటిష్ఠమైన వ్యవస్థగా చెప్పలేం. 1989లో విద్యార్థుల ఉద్యమం వేళ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్‌ను పక్కకు నెట్టి సైన్యాన్ని దింపింది డెంగ్, ఆయన చుట్టూ ఉన్న వృద్ధ నేతలే. సమష్టి నిర్ణయం పేరుకే మిగిలింది. 2018 మార్చిలో దేశాధ్యక్ష పదవి పరిమితిని ఎత్తివేసినప్పుడు ప్రజా కాంగ్రెస్‌లో అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా రెండే పడ్డాయి. అసలు అధికారం ఉన్న ప్రధాన కార్యదర్శి పదవికైతే ఇన్ని పర్యాయాలేనన్న పరిమితి పార్టీ నియమావళిలో ఏనాడూ లేదు. కట్టుబాటుగా నిలిచింది ఆనవాయితీ మాత్రమే కాబట్టి, దాన్ని కాదనే నాయకుడు వచ్చిన రోజున అడ్డుకునే సంస్థ ఏదీ లేకపోయింది.

వారసత్వం దగ్గర తేడా మరింత స్పష్టం. హు జింటావోను 1992లోనే, షీని 2007లో స్థాయీ సంఘంలోకి తీసుకుని, కాబోయే నేతలుగా పార్టీకీ ప్రపంచానికీ ముందుగా చూపారు. 2022లో ఏర్పడిన స్థాయీ సంఘంలో అందరికంటే చిన్నవాడైన డింగ్ షుయెషియాంగ్‌కు అప్పటికే అరవై ఏళ్లు. 2027 మహాసభ తర్వాత పగ్గాలు ఎవరివన్న ప్రశ్నకు ఆ ఏడుగురి జాబితా నుంచి జవాబు దొరకదు.