బెంగళూరులో ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు కొంటున్నారా? ముందు డబ్బా అడుగున స్టిక్కర్ చూడండి

పిల్లల్ని రైఫిల్ షూటింగ్‌లో చేర్పించిన మన తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండేవాళ్లకి ముఖ్యంగా ఈ పోస్టు. "ఇంపోర్టెడ్ మ్యాచ్ పెల్లెట్లు, బయట రేటు కంటే తక్కువ" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది (పెల్లెట్లంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లు, మ్యాచ్ అంటే పోటీలకి వాడే రకం). దాన్ని నమ్మి ముందే డబ్బు పంపకండి. మేం పంపాం, పోయింది. అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను. కానీ సరుకు ఎలా ఉందో వివరంగా రాస్తాను, ఇలాంటిది ఎవరి దగ్గర కనబడినా మీరే పట్టేసుకోవచ్చు.

ఫోన్‌లో మాట మాత్రం తేనె. "మనది అనంతపురమే అన్నా, పాప స్టేట్స్ ఆడుతోందంటున్నారు కదా, మీకు తప్పుడు సరుకు ఇస్తానా?" అన్నాడు. బిల్లు అడిగితే "జీఎస్టీ వేస్తే రేటు పెరుగుతుంది అన్నా, వద్దులే" అని నవ్వేశాడు. గుండు బయటికొచ్చే శక్తి 20 జూల్స్ లోపు ఉండే 4.5 ఎం.ఎం. ఎయిర్ రైఫిల్‌కి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు, పెల్లెట్లకీ అంతే. కాగితాలు అడిగేవాళ్లు లేరు కాబట్టి ఎవడైనా డీలర్ అయిపోతాడు.

డబ్బాలు వచ్చాయి. బయటి నుంచి చూస్తే వంక పెట్టడానికేం లేదు. మూత చుట్టూ సెలో టేపు, అడుగున 4.49 అని తెల్ల స్టిక్కర్. మా అమ్మాయి రైఫిల్‌కి సరిపడే హెడ్ సైజు, అంటే పెల్లెట్ తల వెడల్పు మిల్లీమీటర్లలో, అదే. రేంజ్‌లో కాల్చడం మొదలుపెట్టాక పదికి బదులు తొమ్మిదులు పడడం మొదలైంది. నాలుగు షాట్లు పదిలో పడితే అయిదోది ఎడమకి జారిపోయేది. కోచ్ మొదట పొజిషన్ (నిలబడి రైఫిల్ పట్టే తీరు) చూశారు, తర్వాత ట్రిగ్గర్, ఆ తర్వాత సరిగ్గా నిద్రపోతోందా అని అడిగారు. ఇంట్లో మాకేమో టెన్షన్, అమ్మాయికి ఏడుపు.

చివరికి రైఫిల్‌ని రేంజ్‌లో ఉన్న వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే బిగింపులో) బిగించి, మనిషి చెయ్యి తగలకుండా 10 మీటర్లలో పది షాట్లు కొట్టించారు. మంచి బ్యాచ్ అయితే పదీ కలిసి ఒకటే రంధ్రం పడాలి, బయటి అంచు నుంచి అంచుకి 5, 6 మిల్లీమీటర్లు మించకూడదు. మా టార్గెట్ కార్డు మీద రెండు రంధ్రాలు పక్కపక్కన, మధ్యలో సన్నటి కాగితం గీత మిగిలి ఉంది. ఒక్క బ్యాచ్ అయితే అలా రెండుగా చీలదు. ఇది రెండు రకాల సరుకు కలిపిన డబ్బా అని కోచ్ అక్కడే చెప్పేశారు.

ఇంటికొచ్చి స్టిక్కర్‌ని గోటితో గోకితే కింద ఇంకో స్టిక్కర్! దాని మీద 4.50, బ్యాచ్ నంబరు కూడా వేరు. భూతద్దంతో చూస్తే కొన్ని పెల్లెట్ల స్కర్ట్ (వెనక బోలుగా ఉండే భాగం) లోపల అచ్చు గుర్తు ఉంది, కొన్నింటికి లేదు. మిల్లీగ్రాముల వరకు చూపించే తూకం మీద పెడితే ఒకటి 0.51 గ్రాములు, పక్కదే 0.55. మ్యాచ్ పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు ఉంటుంది, ఒకే బ్యాచ్‌లో ఇంత తేడా రాదు. విదేశాల్లో పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రైఫిళ్లతో టార్గెట్ పోటీలు ఆడేవాళ్లు తాము పోత పోసుకున్న సీసపు గుళ్లని ఒక్కొక్కటీ తూచి, లోపల గాలి బుడగ ఉండి బరువు తగ్గినవాటిని మళ్లీ కరిగించేస్తారు. మనం పోత పోసుకునేది లేదు, డబ్బా మీద రాసిందాన్నే నమ్ముకుంటాం. ఈ మోసం నడిచేది అక్కడే.

ఇంత చిన్న తేడాకి ఇంత గోలా అంటారేమో. 10 మీటర్ల కార్డు మీద పది అంటే అర మిల్లీమీటరు చుక్క. స్కోరు 10.9 నుంచి దశాంశాల్లో లెక్కిస్తారు, పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పోతుంది. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు. షాటుకి సగటున 0.1 తగ్గినా మొత్తం మీద 6 పాయింట్లు గల్లంతు. సెలెక్షన్ తేలేది అంతకంటే తక్కువ తేడాలోనే.

ఫోన్ చేస్తే "పాప పొజిషన్ చూడండి సార్" అన్నాడు. అన్న కాస్తా సార్ అయ్యాడు. స్టిక్కర్ల ఫొటోలు పంపితే "తెరిచిన డబ్బా వాపసు తీసుకోం" అని ఒక్క ముక్క రాసి బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం. బిల్లు లేకపోయినా యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవి కూడా చెరపకండి.

కొనేటప్పుడు డబ్బా అడుగు భాగం వీడియో అడగండి. "స్టాక్ గోడౌన్‌లో ఉంది" అంటే అక్కడితో ఆపేయండి. ఎంత తక్కువకిచ్చినా ముందు ఒక్క డబ్బానే తీసుకుని మీ పిల్లల రైఫిల్‌లోనే టెస్ట్ చేయించండి. పక్కింటి అబ్బాయి రైఫిల్‌కి బాగా కుదిరిన బ్యాచ్ మీదానికి కుదరకపోవచ్చు. కుదిరితే అదే బ్యాచ్ నంబరుతో సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయండి. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరంతో) హెడ్ సైజు కొలవాలని చూడకండి. సీసం మెత్తన, వెర్నియర్ పళ్లు నొక్కితేనే సొట్ట పడుతుంది, 0.01 మిల్లీమీటరు తేడా అందులో తేలదు.

ఇంకొకటి, నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఒక డబ్బాలో పెల్లెట్ల మీద తెల్లటి పొడి ఉంది. పాత సరుకు ఆక్సీకరణ చెందితే అలా సీసం పొడి రాలుతుంది. అలాంటివి పిల్లల చేతికి ఇవ్వకండి. లోడ్ చేసే హడావిడిలో పెల్లెట్‌ని పెదాల మధ్య పెట్టుకునే పిల్లల్ని రేంజ్‌లో చూశాను, వెంటనే మాన్పించండి. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ బాక్సు తెరవాలి.

రెండు స్టిక్కర్లున్న డబ్బా ఫొటోలు, ఆ కార్డు ఫొటో నా దగ్గర ఉన్నాయి. పోల్చి చూసుకోవాలనుకునేవాళ్లు మెసేజ్ చేయండి, పంపిస్తాను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు మిగతా డబ్బు ఆపి, ముందు అడుగు స్టిక్కర్ వీడియో రప్పించుకోండి.