మందపాటి టార్గెట్‌తో అనునాద పరిక్షేపణం: పన్నెండేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో పీజీ తరగతికి ఫ్లోరిన్-15 గురించి మొదటిసారి చెప్పిన రోజున, మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని "సార్, మా ఊరి నీళ్లల్ల ఉండేది గూడ ఇదేనా?" అని అడిగింది. కాదని చెప్పాను. మన బోరునీళ్లలో ఉన్నది ఫ్లోరిన్-19; స్థిరంగా నిలిచే ఫ్లోరిన్ అదొక్కటే. అందులోంచి నాలుగు న్యూట్రాన్లు తీసేస్తే మిగిలే ఫ్లోరిన్-15కు ప్రోటాన్‌ను పట్టి ఉంచే శక్తి లేదు కనుక, అది సుమారు 10⁻²¹ సెకన్లలోనే ఆక్సిజన్-14గా, ఒక ప్రోటాన్‌గా విడిపోతుంది. ఇటువంటి కేంద్రకాలను కొలవడానికి నేను పన్నెండేళ్లుగా వాడుతున్న, మందపాటి టార్గెట్‌తో (కణాలు వెళ్లి ఢీకొట్టే పదార్థంతో) చేసే అనునాద పరిక్షేపణం అనే పద్ధతి గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఆర్తెమోవ్, గోల్డ్‌బర్గ్ తదితరులు 1990లో ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. ఆక్సిజన్-14 అర్ధాయువు 70 సెకన్లు మాత్రమే కాబట్టి దానితో టార్గెట్ తయారు చేయడం కుదరదు. అందుకే దాన్నే బీమ్‌గా (వేగంగా పోయే కణాల ధారగా) మార్చి, హైడ్రోజన్ ఉన్న పాలిథీన్ రేకులోకి గానీ మీథేన్ వాయువులోకి గానీ పంపుతారు. బీమ్ లోపలికి పోయేకొద్దీ నెమ్మదించి అక్కడే ఆగిపోతుంది. ఆక్సిజన్-14, హైడ్రోజన్‌లోని ప్రోటాన్ కలిసి క్షణకాలం ఫ్లోరిన్-15గా నిలిచే శక్తినే అనునాద స్థాయి అంటాం; ఏ లోతులో బీమ్ శక్తి దానికి సరిపోతుందో ఆ లోతు నుంచి వచ్చే ప్రోటాన్ల సంఖ్యలో మార్పు కనిపిస్తుంది, తేలికైన ఆ ప్రోటాన్లు పెద్దగా శక్తి కోల్పోకుండా బయటికి వచ్చి సిలికాన్ డిటెక్టర్‌లో పడతాయి. బీమ్ శక్తిని ఒక్కసారైనా మార్చకుండా మొత్తం వక్రరేఖ చేతికి వస్తుంది. రేడియోధార్మిక బీమ్ దొరికేదే కొద్ది రోజులు కనుక ఇంతకు మించిన మేలు నాకు కనబడలేదు. పైగా సున్నా డిగ్రీల దగ్గర ప్రోటాన్ శక్తి ద్రవ్యరాశి కేంద్ర శక్తికి (రెండు కణాలు ఒకదానితో ఒకటి ఢీకొనే అసలు శక్తికి) దాదాపు నాలుగు రెట్లుంటుంది కాబట్టి, డిటెక్టర్‌లో 40 కేఈవీగా (కేఈవీ అంటే వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు) ఉన్న అస్పష్టత అసలు కొలతలో 10 కేఈవీ దగ్గరికి తగ్గుతుంది.

అదే నాలుగు రెట్లు మొదటి ప్రయోగంలో నన్ను దెబ్బతీసింది. ఫ్లోరిన్-15లో 2.8 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే వెయ్యి కేఈవీలు) దగ్గర ఉన్న స్థాయి నుంచి వచ్చే ప్రోటాన్‌కు 10.4 ఎంఈవీ ఉంటుంది. 500 మైక్రాన్ల సిలికాన్ సుమారు 8 ఎంఈవీ వరకే ఆపగలదు. నేను వెనక రెండో డిటెక్టర్ పెట్టలేదు. ప్రోటాన్లు దూసుకుపోయి, ఉండాల్సిన శిఖరం తక్కువ శక్తి వైపు గుట్టగా పోగుపడింది.

క్రమాంకనానికి, అంటే డిటెక్టర్ చూపే సంఖ్యను శక్తిగా మార్చుకోవడానికి, ఆల్ఫా సోర్స్ ఒక్కటే చాలదు. అమెరీషియం-241 ఇచ్చే ఆల్ఫా శక్తి 5.486 ఎంఈవీ, అక్కడి నుంచి పది దాకా గీత పొడిగించడం నమ్మదగిన పని కాదు. అదే రేకు మీదికి కార్బన్-12 బీమ్ పంపి, నైట్రోజన్-13లోని 2.365, 3.502, 3.547 ఎంఈవీ స్థాయిలు తమ చోట్లలోనే కనబడుతున్నాయో లేదో చూసుకున్నాకే ముందుకు పోతాను. పాలిథీన్‌లోని కార్బన్ నుంచి కూడా ప్రోటాన్లు వస్తాయి కనుక ఉత్త కార్బన్ రేకుతో విడిగా కొలిచి తీసివేయడం తప్పనిసరి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది, ప్రోటాన్ ఏ లోతులో పుట్టిందో ఈ పద్ధతి నేరుగా చెప్పకపోవడం. నియాన్-18కు ప్రోటాన్ చేరితే వచ్చే సోడియం-19 కోసం నియాన్-18 బీమ్ వాడినప్పుడు ఒక చిన్న ఎత్తును కొత్త స్థాయి అనుకుని ఆరు నెలలు దాని వెంట తిరిగాం. నియాన్-18కు 1.887 ఎంఈవీ దగ్గరే మొదటి ఉత్తేజిత స్థాయి ఉంది. దాన్ని ఉత్తేజపరిచి, కొంత శక్తి అక్కడ వదిలి వచ్చిన ప్రోటాన్ల వల్లే ఆ ఎత్తు కనబడింది. వాయు టార్గెట్ పొడవుగా ఉంటుంది కాబట్టి ప్రోటాన్ వచ్చిన సమయాన్ని బట్టి వీటిని వేరు చేయవచ్చు. బీమ్‌ను ఆపేంత మందమున్నా, వాయువు పొడవుతో పోలిస్తే రేకు చాలా పలుచన కనుక అందులో ఆ తేడా దొరకదు.

స్థాయిల వెడల్పు (ఒక స్థాయి శక్తిలో ఎంత మేర పరచుకుని ఉందన్నది) విషయంలో కూడా తొందరపడకూడదు. సన్నని స్థాయిలను ఇది చక్కగా పట్టిస్తుంది: ఫ్రాన్స్‌లోని గానిల్ పరిశోధన కేంద్రంలో కొలిచి 2016లో ప్రకటించిన, ఫ్లోరిన్-15లోని 4.757 ఎంఈవీ స్థాయి వెడల్పు 36 కేఈవీ మాత్రమే. అదే కేంద్రకపు భూస్థాయి (అన్నిటికన్నా తక్కువ శక్తి స్థాయి) మాత్రం చాలా వెడల్పు; విద్యుదావేశాల వికర్షణ వల్ల జరిగే కూలుంబ్ పరిక్షేపణంతో కలిసిపోయి స్పష్టమైన శిఖరంగా నిలబడదు, ఆర్-మాత్రిక అనే గణిత పద్ధతితో సరిపోల్చి తీయాల్సిందే. అనునాద శక్తిని ఎలా నిర్వచిస్తామన్నదాన్ని బట్టి కూడా సంఖ్య మారుతుంది కాబట్టి, నిర్వచనం రాయకుండా ఇచ్చిన విలువను నేను ఇంకొకరి విలువతో పోల్చను.

ఇప్పటికీ ఫ్లోరిన్-15కు రేకునే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆక్సిజన్-14 మొదటి ఉత్తేజిత స్థాయి 5.17 ఎంఈవీ ఎత్తున ఉంది కాబట్టి నియాన్-18తో జరిగినటువంటి పొరపాటుకు అక్కడ చోటు తక్కువ. సోడియం-19కు మాత్రం వాయు టార్గెట్ దొరకకపోతే బీమ్ కోసం దరఖాస్తు కూడా పెట్టను.