యాంటిలోప్, నారోస్, బక్‌స్కిన్: ఇరుకు లోయల్లో ఏది మేలు?

లాస్ వేగాస్‌లో కారు అద్దెకు తీసుకుని, నాలుగైదు రోజుల్లో దక్షిణ యూటా, ఉత్తర అరిజోనా చుట్టి రావాలనుకునే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉన్నాయి. ఆ ప్రయాణంలో ఒక స్లాట్ క్యానియన్ ఉండి తీరాలని అందరూ అనుకుంటారు. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకు, తలెత్తితే సన్నటి చీలికలా ఆకాశం. గండికోటలో పెన్నా లోయను గట్టు మీద నిలబడి చూస్తాం. ఇక్కడ లోయ అడుగున, వాగు పారే దారిలోనే నడుస్తాం. అసలు ఆకర్షణ అదే, అసలు ప్రమాదమూ అదే.

ఆ దారిలో ప్రధానంగా మూడు పేర్లు వినిపిస్తాయి: అరిజోనాలో పేజ్ ఊరి పక్కనున్న యాంటిలోప్ క్యానియన్, జయాన్ నేషనల్ పార్కులో వర్జిన్ నది పారే నారోస్, ఈ రెండింటికీ నడుమ ఎడారిలో ఉన్న బక్‌స్కిన్ గల్చ్. ఫొటోలను బట్టి ఎంచుకుంటే యాంటిలోప్‌కు పోటీ లేదు. నేను మాత్రం రెండు ప్రశ్నలతో మొదలుపెడతాను. నీళ్లు వస్తే బయటపడే దారి ఎంత దూరంలో ఉంది? ఈ రోజు లోపలికి వెళ్లవచ్చా లేదా అని నిర్ణయించేది ఎవరు? మూడు చోట్లా ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు వస్తాయి.

ఎడారిలో వరద భయమేమిటని తీసిపారేయకండి. అక్కడి నేలలో చాలాభాగం నున్నటి రాయి, వాన నీటిని పీల్చుకోదు. ఎక్కడో ఎగువన ఒక ఉరుముల మేఘం కురిస్తే, పరీవాహక ప్రాంతమంతటి నీరూ ఒక్కటై ఈ ఇరుకు సందులోకే దూకుతుంది. 1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్‌లో 11 మంది పర్యాటకులు అలాగే కొట్టుకుపోయి చనిపోయారు. వాన కురిసింది మైళ్ల దూరంలో. లోయ దగ్గర పెద్దగా చినుకులు కూడా లేవు. కాబట్టి తల మీద ఆకాశం నీలంగా ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

యాంటిలోప్ ఉన్నది నవాహో అనే అమెరికా ఆదివాసీ జాతి భూమిలో. గైడు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. అందులోనూ ఎగువ, దిగువ అని రెండు వేర్వేరు లోయలున్నాయి. ఎగువది సుమారు 200 మీటర్లు. అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటుంది. వేసవి నెలల్లో మధ్యాహ్నం వేళ పైనుంచి స్తంభంలా దిగే వెలుగు చూడాలంటే ఇక్కడికే రావాలి. ఆ వేళకు టికెట్టు ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే. వాహనంలో ఇసుక వాగు మీదుగా లోయ ముఖం దాకా తీసుకెళ్తారు, లోపల నేల చదునుగా ఉంటుంది. అయితే లోయ దాటాక బయట మెట్లు, ర్యాంపుల మీదుగా చుట్టి రావాలి. కాబట్టి పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే టికెట్టు కొనేముందే అడిగి తెలుసుకోండి. దిగువది సుమారు 400 మీటర్లు. నిటారు ఇనుప నిచ్చెనల మీదుగా దిగాలి, వంకర్లు తిరుగుతూ నడవాలి. పదేళ్ల పిల్లలకు ఎగువదానికంటే ఇదే సరదా.

యాంటిలోప్‌ను వెక్కిరించడం నడక ప్రియులకు అలవాటు. వరుసలో నిలబెట్టి తోసుకుపోతారంటారు, బ్యాగు తేనివ్వరంటారు, కెమెరా ట్రైపాడ్ వద్దంటారు. అవన్నీ నిజమే. నడకగా చూస్తే ఇది అసలు నడకే కాదు. కానీ నా మొదటి ప్రశ్నకు దీనంత మంచి జవాబు మరెక్కడా లేదు. ఎక్కడున్నా కొన్ని వందల అడుగుల్లో బయటికి దారి ఉంటుంది. 1997 తర్వాత దిగువ లోయలో రాతికి బిగించిన ఇనుప మెట్లు పెట్టారు, ఎగువన వాతావరణం ఎలా ఉందో కనిపెట్టడం గైడు పనిలో భాగమైంది. అనుమానం వస్తే ఆ రోజు పర్యటన రద్దు చేస్తారు. జూలై, ఆగస్టుల్లో తప్ప సెలవు దొరకనివారికి మూడింటిలో నేను చెప్పగలిగేది ఇదొక్కటే.

నారోస్ స్వభావం వేరు. ఇక్కడ దారే నది. షటిల్ బస్సు చివరి స్టాపు టెంపుల్ ఆఫ్ సినవావా దగ్గర దిగి, ఒక మైలు సిమెంటు బాట నడిచాక నీళ్లలో అడుగుపెట్టాలి. అక్కడి నుంచి ఎంత దూరం వెళ్లాలో మీ ఇష్టం, వెనక్కి తిరిగితే వచ్చిన దారే. పార్కు ప్రవేశ రుసుము కాక వేరే అనుమతి పత్రం అక్కర్లేదు. పత్రం లేకుండా బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్లనిస్తారు, అది రానూపోనూ సుమారు 10 మైళ్లు. అంత అవసరం లేదు. వాల్‌స్ట్రీట్ అని పిలిచే ఇరుకు భాగంలో కొంత దూరం వెళ్లి తిరిగి వస్తే నారోస్ చూసినట్టే. అక్కడ నది వెడల్పు ఏడెనిమిది మీటర్లే. ఇరువైపులా గోడలు మూడు వందల మీటర్లు దాటి లేస్తాయి. ఎగువనున్న చాంబర్లెయిన్ రాంచ్ నుంచి 16 మైళ్లు దిగివచ్చే దారి కూడా ఉంది. దానికి పత్రం కావాలి. మొదటిసారి వచ్చేవారికి దాని ఊసే వద్దు.

నదిలో ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే నారోస్ మూసేస్తారు. శ్రీశైలం గేట్ల దగ్గర లక్షల క్యూసెక్కుల వార్తలు చదివి పెరిగిన మనకు ఈ అంకె నవ్వు తెప్పిస్తుంది. కానీ కాలి కింద గుండ్రటి జారుడు రాళ్లు, నడుము లోతు చల్లటి నీరు ఉన్నప్పుడు అందులో సగం ప్రవాహమైనా మనిషిని కూలదోయగలదు. మంచు కరిగే వసంతకాలంలో వారాల తరబడి మూసి ఉండటం మామూలే. కనుక ఏప్రిల్, మే నెలల్లో నారోస్ మీదే ఆశ పెట్టుకుని విమానం టికెట్లు కొనకండి. జూన్‌లోనో, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ లోపలో వెళ్లడం మేలు. స్ప్రింగ్‌డేల్ ఊళ్లో నీటి బూట్లు, నియోప్రీన్ సాక్సులు, పొడవాటి కర్ర అద్దెకిస్తారు. మామూలు స్పోర్ట్స్ షూలతో కూడా దిగేవాళ్లున్నారు కానీ, డబ్బు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. కర్ర వద్దనుకునేవారు రెండో మలుపు దగ్గరే మనసు మార్చుకుంటారు. ఇంకో మాట: ఆఖరి షటిల్ తప్పిపోతే విజిటర్ సెంటర్ దాకా సుమారు 9 మైళ్లు తడి బూట్లతో నడవాలి.

బయటపడే దారి సంగతికి వస్తే నారోస్‌ది మధ్యస్థం. అక్కడక్కడా ఎత్తైన గట్లున్నాయి, కానీ వాల్‌స్ట్రీట్‌లో చాలా దూరం అవీ లేవు. వరద హెచ్చరిక ఉన్నప్పుడు మూసేస్తారు. మిగతా రోజుల్లో నిర్ణయం మీదే. జాతీయ వాతావరణ సేవ రోజూ ఆకస్మిక వరద అవకాశాన్ని నాలుగు మెట్లుగా ప్రకటిస్తుంది. రెండో మెట్టు, అంటే ‘రావచ్చు’ అన్న రోజున కూడా పిల్లలతో వాల్‌స్ట్రీట్ దాకా వెళ్లవద్దనే నా సలహా. పత్రం చేతికి వచ్చిందంటే లోయ క్షేమమని ఎవరో హామీ ఇచ్చినట్టు భావించవద్దు. 2015 సెప్టెంబర్ 14న ఇదే పార్కులోని కీహోల్ క్యానియన్‌లో చనిపోయిన ఏడుగురూ పత్రం తీసుకుని దిగినవారే.

ఇక బక్‌స్కిన్ గల్చ్. ప్రపంచంలోని అతి పొడవైన స్లాట్ క్యానియన్లలో ఇదొకటని పేరు. ఇరుకు భాగమే పదిహేను మైళ్ల దాకా సాగుతుంది. అంత పొడవులోనూ మధ్యలో పైకెక్కి బయటపడగల చోటు ఒక్కటే, అది కూడా బండల మీద చేతులు వేసి పాకాల్సిన దారి. వైర్ పాస్ అనే పక్క లోయ నుంచి దిగి, పరియా నదిని కలుసుకుని, వైట్ హౌస్ అనే నడకదారి చివర తేలేవారు 20 మైళ్లకు పైగా నడుస్తారు. రాత్రి బస చేయడానికి రోజుకు 20 మందికే అనుమతి. లోపల నమ్మదగిన తాగునీరు లేదు. ఎండ సోకని గుంటల్లో బురదనీరు నెలల తరబడి నిలుస్తుంది, కొన్నిసార్లు ఛాతీ లోతు ఉంటుంది. 2023 మార్చిలో ఈ దారిన వెళ్లిన ముగ్గురిలో ఇద్దరు వరదలో చనిపోయారు. మొదటి ప్రశ్నకు ఇంతకంటే చెడ్డ జవాబు లేదు. రెండో ప్రశ్నకు జవాబు మీరే. ఆపడానికి గైడూ లేడు, గేటూ లేదు.

ఇంత చెప్పాక కూడా, ఓపికగా నడవగల పెద్దవాళ్లకు నా ఓటు బక్‌స్కిన్‌కే. మొత్తం దారికి కాదు, వైర్ పాస్ వైపు నుంచి సగం రోజు నడకకు. ఆరంభం నుంచి బక్‌స్కిన్‌ను కలిసే చోటుకు 1.7 మైళ్లే. అందులో చివరి భాగం బక్‌స్కిన్ కంటే ఇరుకు, కొన్నిచోట్ల భుజాలు పక్కకు తిప్పి నడవాలి. దారిలో ఇరుక్కుపోయిన బండ ఒకటి ఉంది, అక్కడ మనిషెత్తు కిందికి దిగాల్సి రావచ్చు. వరద వచ్చినప్పుడల్లా అక్కడి ఇసుక మట్టం మారుతుంది కాబట్టి ఎంత ఎత్తో ముందుగా చెప్పలేం. రెండు లోయలు కలిసే చోట గోడ మీద ప్రాచీనులు చెక్కిన కొండగొర్రెల బొమ్మలున్నాయి. అక్కడి నుంచి బక్‌స్కిన్‌లో ఓ గంట ముందుకు వెళ్లి వెనక్కి వచ్చేయవచ్చు. పగటి నడకకు ఆన్‌లైన్‌లో కొద్ది డాలర్ల పత్రం చాలు. కుక్కను తీసుకెళ్తే దానికీ విడిగా కట్టాలి. గైడు తొందర ఉండదు, వెనకాల వరుస ఉండదు. యాంటిలోప్‌లో డబ్బు పెట్టినా దొరకనిది ఈ తీరికే.

చిక్కంతా అక్కడికి చేరడంలో ఉంది. 89వ నంబరు రహదారి నుంచి హౌస్‌రాక్ వ్యాలీ మట్టిరోడ్డులో 8 మైళ్ల పైచిలుకు వెళ్లాలి. పొడిగా ఉంటే మామూలు కారూ పోతుంది. తడిస్తే ఆ బంకమట్టిలో ఫోర్‌వీల్ డ్రైవ్ కూడా కదలదు. చాలా అద్దె ఒప్పందాలు మట్టిరోడ్డు మీదికి వెళ్లవద్దంటాయి, సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి. మే, జూన్ మొదటి వారాలు, అక్టోబర్ బాగుంటాయి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, జూన్‌లో కూడా ఒక స్వెటర్ ఉండాలి. లోపల చలి వేస్తుంది.

దక్షిణ యూటాలోనే ఎస్కలాంటే ఊరి వైపు పీకబూ, స్పూకీ అని రెండు చిన్న లోయలున్నాయి. స్పూకీ కొన్నిచోట్ల జానెడు వెడల్పు కంటే కాస్త ఎక్కువ, అంతే. పిల్లలు కేరింతలు కొడతారు, బొజ్జ ఉన్న తండ్రులు బయట కూర్చుంటారు. కానీ గతుకుల రోడ్డులో 26 మైళ్లు పోవాలి కాబట్టి పై మూడింటితో కలపడం కష్టం.

అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి ఉంటే ఎగువ యాంటిలోప్. పది దాటిన పిల్లలుంటే దిగువ యాంటిలోప్, ప్రవాహం తగ్గిన నెలైతే నారోస్‌లో రెండు గంటలు. విదేశీ సందర్శకుల నుంచి జయాన్‌లో 2026 జనవరి నుంచి మనిషికి అదనంగా 100 డాలర్లు తీసుకుంటున్నారు. కాబట్టి వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను నది ఒడ్డున కూర్చోబెట్టడానికి తీసుకెళ్లే ముందు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. స్నేహితులు నలుగురూ గట్టివాళ్లయితే, వాతావరణ సూచన నిక్కచ్చిగా బాగున్న రోజున వైర్ పాస్.

రెండు మూడు కలిపి చూసేవారు గడియారం సంగతి మరవకూడదు. వేసవిలో యూటా గడియారం పేజ్‌కంటే ఒక గంట ముందుంటుంది. నవాహో భూమి యూటా లెక్కనే పాటిస్తుంది, అరిజోనాలోని పేజ్ పాటించదు. యాంటిలోప్ టికెట్టు మీద వేసేది సాధారణంగా పేజ్ సమయం. ఏ టవర్ అందితే ఆ సమయం చూపించే ఫోనును నమ్మకుండా, టికెట్టు ఇచ్చినవాళ్లనే ముందురోజు అడిగి చేతి గడియారంలో పెట్టుకోండి.