ఫ్యామిలీ లింక్, ఒక పాత ఫోను: రెండేళ్ళ వాడకం తరువాత

కావలిలోని మా ఇంట్లో ఫోన్లు నాలుగు, పిల్లలు ఇద్దరు. పెద్దమ్మాయికి నాలుగేళ్ళు నిండిన వేసవిలో, ఫోను ఎదురుగా లేకపోతే పెరుగన్నం ముద్ద కూడా నోట పెట్టుకోని స్థితి వచ్చాక, పిల్లల ఫోను వాడకాన్ని అదుపులో పెట్టడానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ లింక్ యాప్‌ను పెట్టుకున్నాను. రెండేళ్ళ రెండు నెలలుగా అదే వాడుతున్నాను. పెట్టుకున్న తొలి వారంలో రాసి ఉంటే ఆకాశానికి ఎత్తేదాన్ని, రెండో నెలలో రాసి ఉంటే తీసి పారేయమనేదాన్ని. అందుకే ఇంతకాలం ఆగి రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన పొరపాటు చెప్పాలి. యాప్‌ను నా ఫోనులో దించుకుంటే చాలు, ఇక పాప ఏ ఫోను పట్టుకున్నా లెక్క నడుస్తుందని అనుకున్నాను. అది పనిచేసే తీరు వేరు. పిల్లల పేరున ఒక గూగుల్ ఖాతా తెరిచి దానిని మన ఖాతాకు కలపాలి. ఆ ఖాతా ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులోనో ట్యాబ్‌లోనో రోజుకు ఎన్ని నిమిషాలు వాడవచ్చు, రాత్రి ఎన్ని గంటలకు తాళం పడాలి, ఏ యాప్ ఉండవచ్చు అన్నవి మన ఫోను నుంచి నిర్ణయించవచ్చు. అంటే దాని పట్టు పిల్ల ఖాతా మీదే తప్ప పిల్ల మీద కాదు. మన ఇళ్ళలో నాలుగేళ్ళ పిల్లకు సొంత ఫోను ఎక్కడుంటుంది? అమ్మది కాకపోతే నాన్నది, నాన్నది ఛార్జింగులో ఉంటే తాతది. మామగారి ఫోనులో ఉన్నది మామగారి ఖాతా కాబట్టి, అక్కడ ఈ యాప్ చేయగలిగింది ఏమీ లేదు.

అందుకని బీరువాలో పడి ఉన్న మా వారి పాత ఫోను తీసి, సిమ్ లేకుండా, లోపల ఉన్నవన్నీ చెరిపి, పాప ఖాతాతో తెరిచాము. ఒక మూల అద్దం పగిలి ఉంటే దాని మీద పారదర్శకమైన టేపు అంటించాను. ఈ యాప్ పెట్టుకోవాలనుకునే వారికి నేను మొదట చెప్పేది ఇదే: పిల్లకు ప్రత్యేకంగా ఒక పరికరం కేటాయించలేకపోతే దీని వల్ల ఉపయోగం చాలా తక్కువ.

ఎంతసేపు అన్న ప్రశ్నకు జవాబు మా పిల్లల డాక్టరు దగ్గర దొరికింది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంకా తగ్గిస్తే మరీ మంచిదని కూడా అన్నది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ళలోపు వారికి అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వారికి పెద్దల పక్కన కూర్చుని గంటలోపేనని, ఐదు నుంచి పదేళ్ళ వారికి రెండు గంటల లోపని చెబుతోంది. నేను నలభై నిమిషాలు పెట్టాను.

కష్టమంతా ఆ నలభై నిమిషాల చివరనే మొదలైంది. చూస్తున్న కథలో కుందేలు వాగు దాటుతూ ఉంటుంది, అప్పుడు తెర మీద తాళం గుర్తు పడుతుంది. పాప ఒక్క క్షణం తెరను వేలితో రుద్ది, అది కదలకపోయేసరికి ఫోనును బోర్లా పెట్టి, "కుందేలు ఇంటికి పోయిందో లేదో చూడనీమ్మా!" అని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. మూడు వారాలు దానిని మొండితనం అనుకున్నాను. ఒకరోజు నేనే ఒక సీరియల్ చూస్తూ ఉండగా సరిగ్గా మలుపు దగ్గర కరెంటు పోయింది. అప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. తప్పు యాప్‌ది కాదు, నిమిషాలతో కొలిచిన నాది. నాలుగేళ్ళ పిల్లకు నిమిషం అంటే ఏమిటో తెలియదు, కథ అయిపోవడం అంటే బాగా తెలుసు.

అప్పటినుంచి మా ఇంట్లో లెక్క కథల్లోకి మారింది. యూట్యూబ్ కిడ్స్‌లో తల్లిదండ్రులు ఆమోదించినవి మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలుంది. అలా పెడితే వెతుకులాట కూడా మూతపడుతుంది. పదేసి నిమిషాల తెలుగు కథలు ఏరి పెట్టాను, ఒకటి అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలవకుండా చూసుకున్నాను. రోజుకు మూడు కథలు. చూసే ముందే ఏ మూడో పాపే చెబుతుంది. తాళాన్ని యాభై నిమిషాలకు జరిపాను. ఇప్పుడది మేము మరిచిపోయిన రోజున మాత్రమే పడుతుంది. ఏడుపు పూర్తిగా పోలేదు గానీ, రోజూ జరిగేది వారానికి ఒకసారికి వచ్చింది. అన్నం దగ్గర ఫోను మాత్రం ఏ అమరికతోనూ మానలేదు. నేను పక్కన కూర్చుని అదే కుందేలు కథ నోటితో చెప్పడం మొదలుపెట్టాక, దాదాపు నెలకు మానింది.

ఇంకొక చిన్న సంగతి. యూట్యూబ్ కిడ్స్‌లో అమరికలు మార్చబోతే పెద్దవాళ్ళేనా అని తేల్చుకోవడానికి ఒక గుణకారం అడుగుతుంది. ఒకటో తరగతిలో ఎక్కాలు వల్లె వేస్తున్న పిల్ల ఉన్న ఇంట్లో ఆ తలుపు ఎక్కువ కాలం నిలవదు. ముందే సొంత సంకేతం (పాస్‌కోడ్) పెట్టుకోండి, దానిని పిల్ల ఎదుట నొక్కకండి.

మామగారి సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. ఆయనకు రొయ్యల గుంటలు ఉన్నాయి. కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంటును బట్టి పలికే ధరలు వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి ఫోను చేతిలో ఉండక తప్పదు. సాయంత్రం అరుగు మీద మనవరాలు ఒళ్ళో చేరితే, "ఏందమ్మా, ఐదు నిమిషాలే గదా" అంటూ ఇచ్చేస్తారు. ఆయనతో వాదించే చొరవ నాకు లేదు. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌ను తెర మీదే కట్టిపడేసే పిన్ సదుపాయం ఉంది. పిల్లల యాప్ తెరిచి, విడిపించాలంటే సంకేతం అడిగేలా పిన్ చేస్తే, సంకేతం కొట్టకుండా వేరే దానిలోకి పోలేరు. ఒకసారి పాప చేతిలోని ఫోను నుంచి రొయ్యలు కొనే ఆసామికి వరసగా పదకొండు ఏడుపు బొమ్మలు వెళ్ళాక, మామగారే వచ్చి ఆ పిన్ ఎలా పెట్టాలో నేర్పమన్నారు. నిమిషాలు ఆగలేదు, దారులు మాత్రం మూతపడ్డాయి.

ప్రయాణాల్లో ఒక ఇబ్బంది ఎదురైంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వెళుతూ, ఉలవపాడు దాటాక పాపకు ఇంకొక అరగంట ఇద్దామని నా ఫోనులో అదనపు సమయం నొక్కాను. పాప ఫోనులో సిమ్ లేదు, నా ఫోను నుంచి ఇచ్చిన హాట్‌స్పాట్‌కు సిగ్నల్ లేదు. ఇచ్చిన సమయం ఒంగోలు దాకా చేరలేదు. నెట్ లేనప్పుడు కూడా తాళం తీయడానికి తల్లిదండ్రుల యాప్‌లో ఒక కోడ్ కనిపిస్తుందని తిరుగు ప్రయాణానికి గానీ తెలుసుకోలేదు. రైలెక్కే ముందు అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

కువైట్‌లో ఉన్న మా తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడే సమయాన్ని ఏ లెక్కలోనూ వేయలేదు. ఆ కాల్స్ నా ఫోనులోనే సాగుతాయి, పక్కన నేను ఉంటాను.

రెండేళ్ళు నిండిన బాబుకు ఇంకా ఖాతా తెరవలేదు, ఇప్పట్లో తెరిచే ఆలోచన కూడా లేదు. పాప ఆ పాత ఫోనుతోనే నెట్టుకొస్తోంది. దాని బ్యాటరీ ఈమధ్య నాలుగో కథ దాకా రావడం లేదు. మార్పించుకొస్తానని మా వారు రెండుసార్లు అన్నారు, నేనే తొందరేమీ లేదన్నాను.