సముద్ర గస్తీ విమానం: పద్దెనిమిదేళ్లు వెనక సీట్లో కూర్చున్నాక నా సమీక్ష

సముద్రంలో జలాంతర్గాములని వెతికే కొత్త గస్తీ విమానాలు కొన్నారన్న వార్త రాగానే ఎక్కడ చూసినా అవే లెక్కలు: ఎంత దూరం వెళ్తుంది, ఎన్ని టార్పెడోలు మోస్తుంది, ఒక్కోటి ఎంత పడింది. చదివి చదివి విసుగొచ్చి, వాడినవాడిగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నా. నేను పైలట్‌ని కాదు. వెనకాల తెర ముందు కూర్చుని, హెడ్‌సెట్‌లో సముద్రం లోపలి చప్పుళ్లు వినే అకూస్టిక్ ఆపరేటర్‌ని. పదకొండేళ్లు ప్రొపెల్లర్లతో ఎగిరే పాత నాలుగింజన్ల టర్బోప్రాప్‌లో, ఆ తర్వాత ఏడేళ్లు కొత్త జెట్‌లో పనిచేశాను. ఏ దేశం, ఏ స్క్వాడ్రన్ అని మాత్రం అడక్కండి.

ముందు పాతదాని సంగతి. చప్పుడు, కుదుపు, ఆ రెండూ కలిస్తే వచ్చే తలనొప్పి. గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీద పెడితే నీళ్ల పైన గుండ్రంగా సన్నటి అలలు లేస్తూనే ఉండేవి, పది గంటలూ. రెండు మూడొందల అడుగుల ఎత్తులో నీళ్ల మీద గంటల తరబడి తిరిగితే రెక్కల మీద ఉప్పు పేరుకుపోతుంది, దిగగానే మంచినీళ్లతో కడక్కపోతే తుప్పు పట్టడం ఖాయం. అయినా ఆ విమానం మీద నాకు ఇప్పటికీ ప్రేమే. గస్తీ చోటికి చేరాక ఒక ఇంజన్ ఆపేసి, ఒక్కోసారి రెండు ఆపేసి, ఇంధనం ఆదా చేసుకుంటూ తిరిగేవాళ్లం. మొదటిసారి కిటికీలోంచి చూసి, కదలకుండా నిలబడిన ప్రొపెల్లర్ కనిపిస్తే గుండె జారిపోయింది, పక్కన కూర్చున్న సీనియర్ కళ్లు కూడా తెరవకుండా నవ్వాడు.

జెట్‌లోకి మారాక మొదటి వారం నాకు నిద్రొచ్చేది, అంత నిశ్శబ్దం! దూరంగా ఏదో అనుమానం వచ్చిందంటే పాతదానికంటే చాలా ముందు అక్కడికి చేరిపోతాం. ఇప్పుడు ఎక్కువ దేశాలు కొంటున్న పీ-8 బోయింగ్ 737 ప్రయాణికుల విమానం మీద కట్టిందే, 1200 నాటికల్ మైళ్లు వెళ్లి అక్కడ నాలుగు గంటలు తిరిగి వెనక్కి రాగలదని లెక్క. జలాంతర్గామి ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాని పట్టే పరికరాన్ని అమెరికా నేవీ తన పీ-8ల్లో వద్దనుకుంది, ఎక్కువ ఎత్తు నుంచే పని కానిచ్చే పద్ధతిలో దాని అవసరం తక్కువని. భారత్ మాత్రం అడిగి మరీ పెట్టించుకుంది. ఎవరు రైటని అడిగితే నేను భారత్ వైపే, ఎందుకంటే చివరి క్షణంలో 'కింద ఉన్నది నిజంగా ఇనుమేనా' అన్న అనుమానాన్ని తీర్చే పరికరాలు ఎక్కువ లేవు.

ఇక అసలు విషయం. ఈ విమానాన్ని కొనేవాళ్లు ఎంతసేపూ విమానం వైపే చూస్తారు. నా పనికి కావలసిన వస్తువు అది కాదు, సోనోబాయ్. మూడడుగుల గొట్టం, అరచేయంత అడ్డకొలత. విమానంలోంచి వదిలితే నీళ్లలో పడి, పైన చిన్న యాంటెనా తేల్చి, కిందికి కేబుల్‌తో మైకుని దింపుతుంది. ఎంత లోతుకి దిగాలో, ఎన్ని గంటలు బతకాలో వదిలేముందే సెట్ చేస్తాం. గడువు అయిపోగానే తనంతట తానే నీళ్లు నింపుకుని మునిగిపోతుంది. అంటే ఒక్కసారి వాడితే అంతే. సముద్రంలో పైపొర వెచ్చగా, కింద పొర చల్లగా ఉంటే ధ్వని ఆ మధ్యలో వంగిపోతుంది. జలాంతర్గామి ఆ పొర కిందికి దిగిందంటే పైన పెట్టిన మైకుకి ఏమీ వినపడదు, కాబట్టి కొన్ని పైన, కొన్ని లోతున వెయ్యాలి. ఒక్క గస్తీలో డజన్ల కొద్దీ ఖర్చవడం మామూలు. బడ్జెట్ బిగిస్తే మొదట కోత పడేది వీటి మీదే, ఎందుకంటే విమానాల సంఖ్య పేపర్లో కనిపిస్తుంది, గొట్టాల సంఖ్య ఎవరికీ కనిపించదు.

ఒక రాత్రి చెప్తాను. ఆర్థిక సంవత్సరం చివరి నెల, మా గొట్టాల కోటా దాదాపు అయిపోయింది. విమానంలో అంత చోటున్నా మాకిచ్చింది పదకొండు. ఎనిమిది వరసగా వేశాం. అర్ధరాత్రి దాటాక చప్పుళ్లు గీతలుగా పడే తెర మీద, చేపల పడవల డీజిల్ ఇంజన్ల గీతల పక్కన, వెంట్రుకంత సన్నటి గీత ఒకటి కనిపించింది.

'సార్, ఏడో నంబర్ మీద గీత పడుతోంది.'

'పడవేమో సరిగ్గా చూడు.'

'పడవైతే రాడార్‌లో ఉండాలి కదా సార్. ఆ చుట్టుపక్కల పైన ఏమీ లేదు.'

ఆయన లేచి నా వెనక నిలబడ్డాడు. గీత ఉంది, నిలకడగా ఉంది. అది ఎనిమిదో నంబర్ వైపు జరుగుతున్నట్టనిపించింది, కానీ ఎనిమిదోది పడ్డప్పటి నుంచీ చచ్చే ఉంది, ఒక్క చప్పుడూ పంపలేదు. మిగిలినవి మూడు. వాటిని ఎటు వెయ్యాలో అంచనా మీద వేశాం, ఆ మూడింటిలోనూ అలల హోరు తప్ప ఏమీ రాలేదు. ఇరవై నిమిషాల్లో గీత పలచబడి పోయింది. ట్యాంకుల్లో ఇంకా రెండు గంటల ఇంధనం ఉంది, కింద ఎవరో ఉన్నారు, మా చేతిలో వెయ్యడానికి ఏమీ లేదు. అది ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు. రిపోర్టులో 'కాంటాక్ట్ కావచ్చు, పోయింది' అని రాసి సంతకం పెట్టాం.

అందుకే రేటింగ్ ఇమ్మంటే విమానానికి ఐదుకి నాలుగున్నర ఇస్తా, దాన్ని కొన్న పద్ధతికి రెండు.

డబ్బు లేదని అసలు కొనకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. 1996లో తన పాత గస్తీ విమానాలైన 21 నిమ్రాడ్‌లని కొత్తగా మార్చి ఇమ్మని ఒప్పందం రాసుకున్నారు, అది 18 అయింది, తర్వాత 12, చివరికి 9. మూడు వందల కోట్ల పౌండ్లకి పైగా పోశాక 2010లో మొత్తం రద్దు చేసి, ఆ తర్వాత విమానాలని ముక్కలు చేసేశారు. చుట్టూ సముద్రమున్న దేశం, అణు జలాంతర్గాములున్న దేశం, తన తీరం దగ్గర పెరిస్కోప్ అనుమానం వస్తే 2014లో మిత్రదేశాల విమానాలని పిలిపించుకోవాల్సి వచ్చింది. కొత్త పీ-8 మొదటిది 2020 ఫిబ్రవరిలో దిగింది. ఆ పదేళ్లూ వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది, మనుషులని పోగొట్టుకోకుండా కొందరు సిబ్బందిని మిత్రదేశాల విమానాల్లో ఎగరడానికి పంపారు. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ నాకు ముఖ్యమనిపించేది ఇదే. గీత చూసి 'ఇది పడవ కాదు' అనగలిగే చెవి తయారవడానికి నాలుగైదేళ్లు పడుతుంది, దాన్ని రెండోసారి కొనలేం.

సెకండ్ హ్యాండ్ సంగతికొస్తే పోర్చుగల్ కథ నాకు భలే ఇష్టం. నెదర్లాండ్స్ తన 13 పీ-3లని (నాలుగింజన్ల పాత టర్బోప్రాప్ గస్తీ విమానాలు) వదిలించుకున్నప్పుడు ఎనిమిది జర్మనీకి వెళ్లాయి, ఐదు పోర్చుగల్‌కి. జర్మనీ పీ-8లకి మారుతూ 2023లో తన దగ్గర ఉన్నవాటిలో ఆరింటిని స్పేర్లతో సహా నాలుగున్నర కోట్ల యూరోలకి పోర్చుగల్‌కే అమ్మింది. విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఒకే హ్యాంగర్‌లో! అంత తక్కువకి అంత విమానం ఎక్కడా రాదు. కాకపోతే పాతవాటితో బతికినవాడిగా ఒక్క మాట, కొన్న ధర కంటే వాటిని ఎగిరేలా ఉంచే ధరే పెద్దది. మా దగ్గర ఒక విమానం ఏడాదిన్నర నేల మీదే ఉంది, మిగతావాటికి కావలసిన భాగాలు దానిలోంచి విప్పుతూ పోయారు. లెక్కల్లో మాత్రం అది ఆఖరి రోజు వరకూ విమానమే.

న్యూజిలాండ్ ఆరు పాత పీ-3ల చోట నాలుగు పీ-8లతో సరిపెట్టుకుంది, 2018లో నిర్ణయించింది, ఖర్చు 230 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకి పైనే. నాలుగంటే, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలో ఉంటే మిగిలేవి రెండు. కెనడా 2023లో 14 తీసుకుని, ఇంకో రెండు తీసుకునే వీలు పెట్టుకుంది. మొత్తం 1038 కోట్ల కెనడా డాలర్లని చెప్పినప్పుడు అందులో సిమ్యులేటర్లు, కట్టడాలు, ఆయుధాలు కూడా కలిపే చెప్పింది. అంకె చూసి జనం గుండెలు బాదుకున్నా నాకు నిజాయితీగా చెప్పిన ధర అదే అనిపించింది.

చిన్న రెండింజన్ల విమానాల్లో నేను తిరిగింది కొన్ని నెలలే. దొంగ చేపల వేట, స్మగ్లింగ్ పడవలు, మునిగిపోతున్నవాళ్లని వెతకడం, ఈ పనులకి అవి చాలు, అక్కడ పెద్ద జెట్ వాడటం శుద్ధ దండగ. జపాన్ తన చిన్న టీసీ-90లు ఐదింటిని ఫిలిప్పీన్స్‌కి ఇచ్చింది, చాలా దేశాలకి మొదటి మెట్టు అలాంటిదే. డ్రోన్లూ వచ్చాయి, జపాన్ కోస్ట్ గార్డ్ 2022 నుంచి సీగార్డియన్ నడుపుతోంది. రోజంతా గాల్లో ఉండి పైన ఓడలు చూసే పని అది నా కంటే బాగా చేస్తుంది, ఒప్పుకుంటాను. నీటి లోపలి పని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎంత ఎక్కువ మోయగలదన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. మోసేది అవే గొట్టాలు కదా.

నేను ఉద్యోగం వదిలే ముందు ఏడాది బడ్జెట్ చూసే బృందం ఒకటి మా హ్యాంగర్‌కి వచ్చింది. అందరూ కాక్‌పిట్‌లో కూర్చుని ఫోటోలు తీయించుకున్నారు. ఒకావిడ మాత్రం వెనక్కి వచ్చి, గొట్టాలు పెట్టే అరల ముందు ఆగారు.

'ఇవి మళ్లీ వాడొచ్చా?'

'లేదు మేడమ్. పని అయిపోయాక మునిగిపోతాయి.'

'సగం అరలు ఖాళీగా ఉన్నాయేం?'

'కోటా అంతే మేడమ్.'

ఆవిడ చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నారు. నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మరుసటి ఏడాది మాకు ఇంకో విమానం మంజూరైంది. గొట్టాల కోటా మాత్రం మారలేదు, ఇప్పుడు అదే కోటాని ఇంకో విమానం కూడా పంచుకుంటోంది.