సొంత డబ్బా కొట్టుకోవడం నేర్పాలంటే: క్లాస్‌రూమా, ఆన్‌లైనా, రెండూ కలిపా?

మా డిగ్రీ కాలేజీలో రెండో ఏడాది పిల్లలకి కెరీర్ ప్లానింగ్, సెల్ఫ్ మార్కెటింగ్ మీద 2 క్రెడిట్ల కోర్సు పెడదామని మాట వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్ మూడు ముక్కలైంది. ఎప్పటిలాగే టైమ్‌టేబుల్లో వేసి క్లాసులో చెప్పేద్దామని కొందరు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయంలో ఇలాంటివి బోలెడున్నాయి, పిల్లల్ని అక్కడ చేర్పించి సర్టిఫికెట్ తెచ్చుకోమంటే మనకి తలనొప్పి ఉండదని ఇంకొందరు. కొంత ఫోన్లో, కొంత క్లాసులో నడుపుదామన్నది నేనూ, ఇంగ్లిష్ చెప్పే మా కొలీగూ. తర్వాత్తర్వాత ఈ మూడింటినీ ఏదో ఒక రూపంలో చేసి చూశాను. నేను చెప్పేది కామర్స్. ఈ కోర్సు నా నెత్తిన పడింది కాబట్టి నేర్చుకున్నాను.

ముందు సబ్జెక్టు సంగతి చూడాలి. కాస్టింగో, ఆడిటింగో అయితే తెలియనిది చెబితే సరిపోతుంది. ఇది అలా కాదు. మన ఇళ్లలో తన గురించి తాను నాలుగు మంచి ముక్కలు చెప్పుకుంటే "సొంత డబ్బా" అంటారు. అన్నగారిని తూలనాడినందుకు తల నరుక్కోబోయిన అర్జునుడితో, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానమే అని కృష్ణుడు ఉపాయం చెప్పిన కథ విని పెరిగినవాళ్లం. అలా పెరిగిన పిల్లని "నీలో ఉన్న మూడు గొప్ప విషయాలు రాయి" అంటే పెన్ను కదలదు. అడ్డుపడేది సిగ్గు, సమాచారం లేకపోవడం కాదు. ఏ పద్ధతి మేలో తూచాల్సింది ఈ రాయితోనే.

క్లాసులోనే మొత్తం చెబితే

థియరీ క్రెడిట్ ఒకటంటే 15 గంటలు, రెండంటే 30. మా సెక్షన్లో 60 మంది. ఒక్కొక్కరికి మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసి, ఎక్కడ తడబడ్డారో చెప్పడానికి 10 నిమిషాలు అనుకోండి. 600 నిమిషాలు, అంటే 10 గంటలు. అదీ ఒక్క విడతకి. తప్పులు దిద్దుకుని మళ్లీ వచ్చి కూర్చుంటే 20 గంటలు అయిపోయాయి. మిగిలిన పదింటిలో రెజ్యూమే, ఉన్నత చదువుల దారులు, పోటీ పరీక్షలు, కంపెనీలు అన్నీ కుక్కాలి. సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసు పెడదామంటే సగం మందికి నాలుగున్నర బస్సు పోతే ఊరికి ఇంకో బస్సు లేదు.

చివరికి జరిగేదేమిటంటే, మాక్ ఇంటర్వ్యూలు ఎగిరిపోయి నోట్సు మిగులుతుంది. మొదటి ఏడాది నేను చేసింది అదే. బయోడేటాకీ రెజ్యూమేకీ తేడాలు చెప్పాను, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న ఇచ్చాను, అందరూ చక్కగా రాశారు. ఆ తర్వాత ఒక కంపెనీ వాళ్లు వస్తున్నారని రెజ్యూమేలు తెమ్మంటే, కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నుంచి కట్టలు కట్టలుగా దిగాయి. అందరికీ ఒకటే కెరీర్ ఆబ్జెక్టివ్, ఒకటే హాబీ, కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అన్న అదే ప్రమాణం. ఒకబ్బాయి దాంట్లో తండ్రి పేరు వేరే వాళ్లది. షాపు అతను పాత ఫైల్లో పేరు మార్చి, ఆ లైను మార్చడం మర్చిపోయాడు. "నువ్వు చదువుకోలేదా దీన్ని?" అంటే, "ఇంగ్లిష్‌లో బాగానే ఉంది కదా మేడం" అన్నాడు.

క్లాసుకి ఉన్న బలం మాత్రం చిన్నది కాదు. పక్కవాడు లేచి మాట్లాడి, నవ్వులపాలై, అయినా బతికి బట్టకట్టి కూర్చోవడం కళ్లారా చూస్తే గానీ మిగతావాళ్లకి ధైర్యం రాదు. ఆ పని ఏ వీడియో చెయ్యలేదు.

ఆన్‌లైన్ కోర్సుకి అప్పజెబితే

స్వయం 2017లో మొదలైంది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా అక్కడ చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని, యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది కాబట్టి లెక్కల ప్రకారం ఏ అభ్యంతరమూ లేదు. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. స్వయంలోనే ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులకైతే వారం వారం అసైన్‌మెంట్లకి 25, చివరి పరీక్షకి 75 మార్కులు. టీసీఎస్ ఐఆన్ వాళ్లది 15 రోజుల ఉచిత కోర్సు కూడా ఉంది, మా పిల్లలు చాలామంది చేశారు. దాపరికమెందుకు, వాటిలో పాఠం చెప్పే తీరు నాకంటే బాగుంటుంది.

అయినా నా ఓటు వీటికి పడదు. ఫోన్లో వీడియో ప్లే చేసి దిండు పక్కన పెట్టి ఇంకో పని చేసుకునే విద్య మా పిల్లలకి బాగా వచ్చు. ఆఖరి రోజు రాత్రి పన్నెండు లోపు వాట్సాప్ గ్రూపులో సర్టిఫికెట్లు వర్షంలా కురుస్తాయి. పోనీ శ్రద్ధగా చూసిన పిల్ల సంగతి? అక్కడ చూపించే నమూనా రెజ్యూమేలో "కాలేజీ ఫెస్ట్‌కి స్పాన్సర్లను తెచ్చాను" అని ఉంటుంది. మా కాలేజీలో ఫెస్టే లేదు. ఆ పిల్ల చూసి, "నాకు ఇలాంటివేం లేవు" అని ఇంకాస్త ముడుచుకుంటుంది. పోగొట్టాల్సిన సిగ్గుని కోర్సే పెంచినట్టయింది.

ఇది ఎవరికి బాగుంటుందంటే, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉండి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి, ఇప్పటికే చిన్న ఉద్యోగం చేస్తూ మారదామనుకుంటున్నవాళ్లకి. వాళ్లకి తమ గురించి చెప్పుకోడానికి సరుకు ఉంది, పద్ధతి తెలిస్తే చాలు.

కలిపితే, ఏ సగం ఎక్కడ?

ఇలా రెండూ కలిపి చెప్పే బ్లెండెడ్ పద్ధతి మీద యూజీసీ 2021లో ఇచ్చిన కాన్సెప్ట్ నోట్‌లో ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్, మిగతాది ముఖాముఖి అన్నారు. మా 30 గంటలకి లెక్కేస్తే 12, 18. అంకెలతో పేచీ లేదు, ఏది ఎందులో వెయ్యాలన్న దగ్గరే చాలా కాలేజీలు బోల్తా పడుతున్నాయి. సోమవారం క్లాసు, మంగళవారం జూమ్, బుధవారం క్లాసు. అదే లెక్చరు, ఒకరోజు బోర్డు మీద, ఒకరోజు స్క్రీన్ మీద. దాన్ని బ్లెండెడ్ అనడం చారులో నీళ్లు పోసి రసం అనడం లాంటిది.

మేము చేసింది ఇలా. వినాల్సినవన్నీ ఇంటికి పంపాం. ఎనిమిదేసి నిమిషాల తెలుగు వీడియోలు, నా ఫోన్‌తో నేనే తీసినవి, మధ్యలో మా కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. ఎంబీఏకి ఐసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, లాకి లాసెట్, బ్యాంకు పరీక్షలు ఇలాంటివి ఎవరికి వాళ్లు అధికారిక సైట్లలో వెతికి, అర్హత, ఫీజు, ఆఖరి తేదీ రాసి పెట్టాలి. ఇంకో పని, చుట్టాల్లోనో ఊళ్లోనో ఉద్యోగం చేస్తున్న ఒకరికి ఫోన్ చేసి, రోజంతా ఏం చేస్తారు, ఎలా దొరికింది అని అడిగి తెలుసుకోవడం. ప్లానింగ్ ఇంట్లో కూర్చుని చేయడమే నయం అని అప్పుడు తెలిసింది. నాన్న పక్కనే ఉంటాడు, "గవర్నమెంట్ జాబే" అని ఆయన అనడం, పిల్ల కాదనడం, ఆ వాదన జరగాల్సిన చోటే జరుగుతుంది. క్లాసులో నేను ఎంత చెప్పినా ఆ గదిలో నాన్న ఉండడు.

అసలు లాభం ఇంకోటి ఉంది. రెండు నిమిషాల పరిచయం ఫోన్లో రికార్డు చేసి పంపమన్నాం. క్లాసులో లేపి అడిగితే ఒక్కసారే మాట్లాడతారు. ఇంట్లో మాత్రం తలుపేసుకుని, నచ్చేదాకా చెరిపేసి మళ్లీ చెబుతారు. పది సార్లు చెప్పాక, పదకొండోది పంపుతారు. తన గొంతులో తన గొప్ప వినడం అలవాటైన పిల్ల మర్నాడు క్లాసులో లేచినప్పుడు కాళ్లు అంతగా వణకవు. సిగ్గు మొదట గదిలో ఒంటరిగా కొంత, తర్వాత అందరి ముందు కొంత తగ్గుతుంది. పూర్తిగా క్లాసులో అయినా, పూర్తిగా ఆన్‌లైన్‌లో అయినా ఈ రెండు మెట్లలో ఒకటి లేదు.

మిగిలిన 18 గంటలూ మాటలకే. సెక్షన్‌ని ముప్పై, ముప్పైగా విడగొట్టి మాక్ ఇంటర్వ్యూలు, జంటలుగా కూర్చుని ఒకరి రెజ్యూమే ఒకరు దిద్దడం. ఆ దిద్దుబాటులోనే ఒకరోజు ఒకమ్మాయి "అనుభవం" అన్న చోట ఖాళీ వదిలి కూర్చుంది.

"ఏమ్మా, ఏం రాయలేదు?"

"నాకేం లేదు మేడం."

"ఇంట్లో ఏం చేస్తుంటావు?"

"అమ్మ డ్వాక్రా గ్రూపు లీడర్ మేడం. అమ్మకి రాయడం రాదు."

"మరి పుస్తకాలు ఎవరు రాస్తారు?"

"నేనే. ఇంటర్ నుంచీ."

పది మంది సభ్యులు, నెలనెలా పొదుపు, బ్యాంకు అప్పు కిస్తీలు, ఎవరు కట్టారో ఎవరు ఆగారో, మీటింగ్ తీర్మానాలు. బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్‌తో సరిచూసుకునేది కూడా తనే. బీకాం పిల్ల, నాలుగేళ్లుగా నిజమైన లెక్కలు రాస్తూ, అనుభవం లేదంటోంది! పక్కన కూర్చున్న పిల్లే ముందు నోరు తెరిచింది, "ఒసేయ్, అది రాయవే" అని. "పది మంది సభ్యుల పొదుపు సంఘానికి నాలుగేళ్లుగా ఖాతాలు రాస్తున్నాను, ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూస్తాను." ఇందులో డబ్బా ఏముంది? జరిగింది జరిగినట్టు, అంకెతో సహా చెప్పడమే కదా. ఆ రోజు తర్వాత ఆ బ్యాచ్‌లో నాన్న కిరాణా కొట్లో స్టాకు చూసేవాడు, ఫంక్షన్లకి క్యాటరింగ్‌లో వడ్డించేవాడు, చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లు అందరూ బయటపడ్డారు.

ఖర్చు చెప్పకపోతే మోసం చేసినట్టు

బ్లెండెడ్‌తో పని తగ్గదు, పెరుగుతుంది. 60 మంది, రెండేసి నిమిషాల రికార్డింగులు, వినడానికే రెండు గంటలు. ఒక్కొక్కరికి మాట చెప్పాలంటే ఇంకో రెండు. ఈ గంటలు వర్క్‌లోడ్‌లో కనపడవు. కోర్సు ఒప్పుకునే ముందే ఆన్‌లైన్ 12 గంటలూ టైమ్‌టేబుల్లో నా పేరు మీద పడాలని రాతపూర్వకంగా అడగాల్సింది. అడగలేదు, అనుభవించాను.

ఇంట్లో ఒకటే ఫోన్, అది అన్నయ్య దగ్గర, వాడు సాయంత్రం గానీ రాడు. ఇలాంటి వాళ్లు ప్రతి సెక్షన్లో ఉంటారు. వాళ్ల కోసం కాలేజీ ల్యాబ్‌లో వారానికి ఒక గంట తెరిచి పెట్టాలి. ఆడపిల్లల వీడియో విషయంలో తండ్రులు అభ్యంతరం చెబితే వాదించకండి, ఆడియో చాలు. ఏ రికార్డింగూ గ్రూపులో పెట్టించకూడదు, టీచర్‌కి విడిగా రావాలి. అందుకే గూగుల్ క్లాస్‌రూమ్ వాడాం. కబుర్లకి వాట్సాప్, రికార్డింగులు పంపడానికి అది. లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ తెరిపించిన వారమే, ఉద్యోగమిస్తామని సెక్యూరిటీ డిపాజిట్ అడిగే వాళ్ల గురించి కూడా చెప్పాలి. అది వీడియోలో కాదు, ఎదురుగా నిలబడి.

ఏ సెమిస్టర్లో పెట్టాలన్నదానికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకి మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య పెడితే మొదటిది రెజ్యూమేకి సరుకవుతుంది, రెండోది అడగడానికి నోరు లేస్తుంది. ఆఖరి ఏడాది పెట్టడం పెళ్లయ్యాక జాతకాలు చూడటమే.

మీ దగ్గర టీచర్ ఒక్కరే, పిల్లలు రెండు వందల మంది, ల్యాబ్ లేదు అంటే బ్లెండెడ్ జోలికి పోకండి. నోట్సు మానేసి, ఉన్న గంటలన్నీ మాట్లాడించడానికి వాడి క్లాసులోనే నడపండి. ఆ మూడు ఇబ్బందులూ లేకపోతే కలిపి నడపడమే మేలు, నేనైతే వెనక్కి వెళ్లను.

మొదలుపెట్టే తీరులో ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. మొదటిసారి మొదటి రోజే లాగిన్‌లు, పాస్‌వర్డ్‌లతో సరిపోయింది, సగం మందికి కోర్సంటేనే విసుగొచ్చింది. ఇప్పుడు మొదటి రెండు వారాలు ఆన్‌లైన్ ఊసే ఎత్తను. వచ్చేటప్పుడు ఎదురు షాపులో బయోడేటా చేయించుకుని రమ్మంటాను. అందరివీ బల్ల మీద పరిచి, పేర్లు మూసి, ఎవరిది ఎవరిదో చెప్పమంటాను. ఎవరూ చెప్పలేరు. పది నిమిషాలు నవ్వుకున్నాక ఎవరో ఒకరు అడుగుతారు, "మరి ఎలా రాయాలి మేడం?" అని. ఆ సాయంత్రం కాదు, ఇంకో పది రోజులు ఆగి మొదటి వీడియో పంపుతాను.